తలుపు తీస్తుంది

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఐదు కవితలూ చదివాను. నాలుగింటిలో ‘కాలం’ అనే మాట ఉంది. ఒకచోట నది, ఒకచోట చక్రం, ఇంకోచోట దొంగ. ఐదోదాన్లో ఆ మాటే లేదు. అమ్మమ్మ తలుపు తీయడం గురించిన చిన్న కవిత అది. నన్నడిగితే కాలం ఉన్నది దాన్లోనే.

అమ్మమ్మ ఇప్పుడు లేదని మూడో పాదానికే తెలిసిపోతుంది. అయినా చివర ‘చప్పుడైతే చాలు, తలుపు తీస్తుంది’ అన్నావు. ‘తీసేది’ అని ఉంటే అది జ్ఞాపకం, అక్కడితో సరి. ‘తీస్తుంది’ అలా కాదు. రోజూ చేసే పనికీ మనకు అదే రూపం, రేపు చేయబోయే పనికీ అదే. లేని మనిషికి ఆ మాట వాడేసరికి, ఆమె అలవాటు ఇంకా ఇంట్లో తిరుగుతున్నట్టూ, రేపు వెళ్తే నిజంగానే తీస్తుందన్నట్టూ వినబడింది. తెలిసి రాశావో, చేతికి అలా వచ్చేసిందో! ఇకనుంచి మాత్రం తెలిసి రాయి.

క్రియ ఎక్కడ పెడుతున్నావో కూడా చూసుకో. పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయాన్ని చూసే పద్యం తీసి చదువు. ‘అటజని కాంచె’ అంటూ చూడటం మొదట్లోనే అయిపోతుంది. చూసింది దేన్నో చెప్పే ‘శీతశైలమున్’ మాత్రం నాలుగో పాదం చివరికి గాని రాదు. ఈలోగా ఆకాశాన్నంటే శిఖరాలు, మృదంగంలా మోగే సెలయేళ్లు, పురివిప్పిన నెమళ్లు, తొండాలతో చెట్లను కదిలించే ఏనుగులు. ప్రవరుడి ఒక్క చూపు మనకు నాలుగు పాదాలు పడుతుంది. సమాసాలు అర్థం కాలేదని టెన్షన్ పడకు. పైకి చదువు, ఆ ఆలస్యం చెవికే తెలుస్తుంది.

ఛందస్సంటే భయమన్నావు. రాయనక్కర్లేదు గానీ ఒక్క సంగతి తెలుసుకో. హ్రస్వాక్షరం పలకడానికి పట్టేంత సేపు ఒక మాత్ర. లఘువుకు, అంటే పొట్టిగా పలికే అక్షరానికి, 1 మాత్ర; గురువుకు, అంటే అంతకు రెట్టింపు సేపు పలికే అక్షరానికి, 2. అంటే పాతవాళ్లు లెక్కపెట్టింది కాలాన్నే. గురజాడ ముత్యాల సరాలు 3, 4 మాత్రల విరుపుతో నడుస్తాయి కాబట్టే అంత సులువుగా నోటికొస్తాయి. వచన కవితకు ఆ గడియారం లేదు, పంక్తి విరుపూ ఊపిరీ చూసుకోవాల్సిందే. కొత్తలో నేను తోచినచోటల్లా పంక్తి విరిచేవాణ్ణి. ఒకసారి సభలో చదువుతుంటే నాకే ఆయాసపడుతున్నట్టు అనిపించింది. సిగ్గేసింది కూడా.

మళ్లీ నీ కవిత దగ్గరికొస్తే, మధ్యలో ‘లేచింది. నడిచింది. గడియ అందుకుంది’ అని మూడు వాక్యాలున్నాయి. చకచకా అయిపోతున్నాయి, పడుచుపిల్ల నడిచినట్టు. మూడూ అయిపోయిన పనులుగా వినబడి, చివరి పాదంలోని ‘తీస్తుంది’ రూపాన్నీ చెడగొడుతున్నాయి. మన భాషలో అసమాపక క్రియలున్నది ఇలాంటి చోట్లకే. లేచి, గోడ పట్టుకుని, కాసేపు నిలబడి, మళ్లీ నడిచి, గడియ మీద చెయ్యి వేసి... వాక్యం ముగియనివ్వకు. ‘తీస్తుంది’ వచ్చేదాకా బయట నిలబడ్డవాళ్లం మేమూ ఎదురుచూడాలి.

అది మార్చి పంపు. మిగతా నాలుగింటి సంగతి తర్వాత చూద్దాం.