రేడియో నాటిక ఎడిటింగ్ నేర్చుకుంటే పని దొరుకుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. ఇంటర్ ఎంపీసీ చేశాను, ఇప్పుడు బీకాం సెకండియర్. కాలేజీలో ఎనిమిది మందిమి కలిసి పదిహేను నిమిషాల రేడియో నాటిక చేస్తున్నాం, రికార్డింగ్, ఎడిటింగ్ నాకప్పజెప్పారు. ఏమీ రాదు కానీ చాలా ఇష్టంగా ఉంది. దీంట్లో ఉద్యోగాలుంటాయా అని నాన్న అడుగుతున్నారు.

జవాబు: చూడమ్మా, సాఫ్ట్‌వేర్ గురించి కంగారుపడకు, ఆడాసిటీ ఫ్రీగా దొరుకుతుంది, కట్ చెయ్యడం, అతికించడం, సౌండ్ పెంచడం తగ్గించడం నాలుగు సాయంత్రాలు కూర్చుంటే వచ్చేస్తాయి. టైం పట్టేదల్లా చెవికే.

ముందు గొంతులు చూసుకో. ఒకేలాంటి గొంతున్న ఇద్దరమ్మాయిలకి అక్కాచెల్లెళ్ళ వేషాలిస్తే స్టేజీ మీదైతే చీర రంగు చూసి గుర్తుపడతారు, రేడియోలో ఎవరు మాట్లాడుతున్నారో తెలీక జనం వినడం మానేస్తారు. అందుకే అందరిచేతా ఒకసారి చదివించి నువ్వు పక్క గదిలో కూర్చుని విను.

రికార్డింగ్‌కి చిన్న గది చాలు, గోడలకి దుప్పట్లు, పరుపులు ఆనించండి, ఫ్యాను ఆపండి, చెమటలు పట్టినా సరే. ఫ్యాను చప్పుడు తర్వాత తీసేద్దాంలే అనుకుంటే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు తయారవుతుంది, అది ఇక బాగుపడదు. అందరూ మెదలకుండా ఉండి ఓ అర నిమిషం ఖాళీ గదిని కూడా రికార్డ్ చెయ్యండి, డైలాగుల మధ్య కట్ చేసిన చోట అది పెట్టాలి, ఏమీ లేకుండా వదిలేస్తే రేడియో ఆగిపోయిందేమో అనిపిస్తుంది. వంటింట్లోంచి అమ్మ పిలిచే మాట ఉంటే ఎడిటింగ్‌లో సౌండ్ తగ్గించి సరిపెట్టకు, ఆ అమ్మాయిని నిజంగానే నాలుగడుగులు వెనక్కెళ్ళి పిలవమను, తేడా నీకే తెలుస్తుంది. ఫైళ్ళు క్వాలిటీ తగ్గని వేవ్ (WAV) ఫార్మాట్‌లో దాచుకో, సైజు తగ్గించే ఎంపీత్రీ చివర్లో.

చప్పుళ్ళు మీరే పట్టుకోండి, కుక్కర్ విజిల్, బస్టాండు గోల, స్టీలు గ్లాసు కింద పడటం, ఫోన్‌తో చాలు. సినిమా పాటలు మాత్రం వద్దు, హక్కుల గొడవ. వాన సీనైతే మొదటి రెండు మూడు సెకన్లు గట్టిగా వినిపించి తర్వాత మాటల కిందకి దించెయ్.

ఇక నాన్నగారి ప్రశ్న. ఒక్క రేడియో నాటిక మీదే నెల జీతం వస్తుందని నేను చెప్పను. ఆకాశవాణిలో నాటక కళాకారులకి ఆడిషన్లుంటాయి, పాసైతే ప్రోగ్రాంకింత అని ఇస్తారు, అక్కడి యువతరం కార్యక్రమం యువవాణికి మీ వయసువాళ్ళు ప్రయత్నించొచ్చు. కానీ ఈ చెవి ఆడియోబుక్స్‌కి, పాడ్‌కాస్ట్‌లకి, డబ్బింగ్‌కి, సినిమా సౌండ్‌కి అన్నిటికీ కావాలి. పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో సౌండ్ కోర్సుంది, దానికి డిగ్రీతో పాటు ఇంటర్‌లో ఫిజిక్స్ అడుగుతారు, నీకు ఎంపీసీ కాబట్టి ఆ దారి మూసుకుపోలేదు, నోటిఫికేషన్ వచ్చినప్పుడు రూల్స్ ఒకసారి చదువుకో. సెలవుల్లో హైదరాబాద్ వస్తే సెంట్రల్ యూనివర్సిటీలో బోల్ హైదరాబాద్ 90.4 అనే క్యాంపస్ ఎఫ్‌ఎం రేడియో వాళ్ళని అడిగి స్టూడియో చూడు. జహీరాబాద్ దగ్గర సంఘం రేడియో 2008 నుంచి ఉంది, పల్లెటూరి ఆడవాళ్ళే రికార్డింగు, ఎడిటింగు చేసుకుంటారు, ఇంజినీరింగ్ చదివి వచ్చినవాళ్ళు కాదు వాళ్ళు, ఈ మాట నాన్నగారికి తప్పకుండా చెప్పు.

నాటిక అయ్యాక హెడ్‌ఫోన్స్‌లో కాదు, మామూలు ఫోన్ స్పీకర్లో పెట్టి నాన్నగారికే వినిపించు. ఆయన మధ్యలో "ఎవరే ఇది?" అన్న ప్రతిచోటా టైం రాసుకో, మళ్ళీ ఎడిటింగ్‌కి కూర్చోవాల్సింది అక్కడే.