డాలర్లు మీ ఖాతాలోకి రానివ్వకండి మాస్టారూ

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. తల్లిదండ్రులు లేని ఆరుగురు పిల్లల చదువు నా పెన్షన్‌తో, తెలిసినవాళ్ళ సాయంతో నెట్టుకొస్తున్నాను. నలుగురు అమ్మమ్మల దగ్గరో నాయనమ్మల దగ్గరో ఉంటారు. ఇద్దర్ని మా ఇంటి ముందుగదిలోనే ఉంచుకున్నాం. డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య కూతురు, మరో ఎనిమిది తెలుగు కుటుంబాలు కలిసి అక్కడ ఒక చిన్న చారిటీ రిజిస్టర్ చేశారు. "ఏటా నాలుగైదు లక్షలు పంపుతాం, నీ అకౌంట్ నంబర్ ఇవ్వు బాబాయ్" అంటోంది. తీసుకోవచ్చా?

జవాబు: మాస్టారూ, నంబర్ ఇంకా పంపకపోతే పంపకండి. పంపేసి ఉంటే, డబ్బు వెయ్యొద్దని ఈ రాత్రికే అమ్మాయికి ఫోన్ చేయండి. మీ మంచితనం మీద నాకేం అనుమానం లేదు. కానీ ఆ డబ్బు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వచ్చిందన్నదే చట్టం అడిగే మొదటి ప్రశ్న.

ఆ చట్టం పేరు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010. అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అంటారు. విద్య లాంటి కార్యక్రమం నడిపేవాళ్ళు కేంద్ర హోం శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా విదేశీ విరాళం తీసుకోకూడదని సెక్షన్ 11 చెబుతుంది. "అది సంస్థలకు కదా, నేను ఒక్కణ్ణే" అంటారేమో. ఆ చట్టంలో ఒక్క మనిషి కూడా లెక్కలోకి వస్తాడు. ఏటేటా ఆరుగురు పిల్లలకు ఫీజులు కట్టడాన్ని విద్యా కార్యక్రమం కాదని వాదించే కేసు నేనైతే తీసుకోను. ఉల్లంఘిస్తే అయిదేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ తొమ్మిది కుటుంబాల్లో కొందరు హెచ్1బీ మీద ఉండి ఇంకా ఇండియన్ పాస్‌పోర్టుతోనే ఉండొచ్చు. భారత పౌరుడు ఎక్కడున్నా, తన సొంత సంపాదన మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు పెట్టుకున్నవాళ్ళు మాత్రం ఈ చట్టం దృష్టిలో విదేశీయులే, వాళ్ళు మన పక్కింటి పిల్లలే అయినా సరే. అయితే ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళ డబ్బు కూడా ఒకసారి ఆ చారిటీ ఖాతాలో పడిందా, ఇక అది చారిటీ సొమ్మే. హుండీలో వేసిన నోటు మనదని ఎలా అడగలేమో ఇదీ అంతే. చారిటీ ఖాతాలోంచి ఒకరికి మళ్ళించి, వాళ్ళ పేరుతో మీకు పంపినా లాభం లేదు. మధ్యలో ఎన్ని చేతులు మారినా అది విదేశీ విరాళమేనని చట్టంలోనే రాసి ఉంది.

మరి దారేది? అన్నిటికంటే సులువైనది, ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న కుటుంబాలు ఎవరికి వాళ్ళు తమ ఖాతాలోంచి పిల్లల ఫీజు నేరుగా స్కూలు, కాలేజీ ఖాతాలో కట్టేయడం. రసీదు పిల్లవాడి పేరున తీసుకోండి. దీనికి అమెరికాలో వాళ్ళకు పన్ను మినహాయింపు రాదు. చారిటీ పెట్టుకున్నదే అందుకు కాబట్టి కొంత గునుస్తారు. ఆ సంగతి ముందే చెప్పేయండి.

చారిటీ పేరు మీదే నడవాలంటే, ఇప్పటికే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థను వెతుక్కోవాలి. ఆ సంస్థే డబ్బు తీసుకుని, ఈ ఆరుగురినీ తన కార్యక్రమంలో చేర్చుకుని, తానే ఫీజులు కట్టాలి. "మేం తీసుకుని మీకు ఇస్తాం లెండి, అయిదు శాతం మాకు ఉంచండి" అనేవాళ్ళు తగులుతారు. అటు వెళ్ళకండి. 2020 సవరణతో సెక్షన్ 7 మారింది. ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని ఇంకొకరికి బదిలీ చేయడం పూర్తిగా నిషేధం.

మీరే సొంతంగా ట్రస్టు పెట్టి రిజిస్ట్రేషన్‌కు వెళదామన్నా వెంటనే కాదు. మూడేళ్ళు నడిచి ఉండాలి, ఆ మూడేళ్ళలో కనీసం 15 లక్షలు అసలు కార్యక్రమాల మీద ఖర్చు చేసి ఉండాలి. కొత్త ట్రస్టుకు ఉన్నది ముందస్తు అనుమతి ఒక్కటే. ఫలానా పనికి ఫలానా మొత్తం ఇస్తామని డల్లాస్ చారిటీ రాసిచ్చిన పత్రం, ప్రాజెక్టు రిపోర్టు కావాలి. డబ్బు మాత్రం మీ ఊరి బ్యాంకులో కాదు, ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోకే మొదట రావాలి. బంధువుల చారిటీ కనుక ఒక మెలిక: ఇక్కడి ట్రస్టు పెద్ద అక్కడి చారిటీలో సభ్యుడై ఉండకూడదు, ఇక్కడి కార్యవర్గంలో నూటికి 75 మంది అక్కడి సభ్యులో ఉద్యోగులో కానివాళ్ళై ఉండాలి. కాబట్టి అభిమానంతో మీ పేరు డల్లాస్ బోర్డులో రాయించుకోకండి.

ఇంకో సలహా కూడా మీకు ఎవరో ఒకరు ఇస్తారు: "ఫ్యామిలీ మెయింటెనెన్స్ అని రాసి పంపించెయ్యమనండి, ఎవరు చూస్తారు?" అని. బ్యాంకులో ప్రతి విదేశీ జమకూ పర్పస్ కోడ్ ఉంటుంది. కుటుంబ పోషణకు ఒకటి, వ్యక్తిగత కానుకకు ఒకటి, ధార్మిక సంస్థలకిచ్చే విరాళానికి ఒకటి. చారిటీ పంపిన సొమ్ముకు కుటుంబ పోషణ కోడ్ వేయిస్తే అది తప్పుడు డిక్లరేషన్, దాని కింద సంతకం మీది. పైగా ఆదాయపు పన్ను చట్టంలో ఒక తమాషా ఉంది. బాబాయి అన్న కూతురికి ఎంత కానుకిచ్చినా ఆమెకు పన్ను పడదు. అదే ఆమె బాబాయికి ఏడాదిలో 50,000 దాటి ఇస్తే మొత్తం ఆయన ఆదాయంలో కలుస్తుంది, ఎందుకంటే పన్ను చట్టం రాసుకున్న బంధువుల జాబితాలో అన్న కూతురు లేదు.

మీరు అడగలేదు గానీ, నాకు డాలర్లకంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది మీ ముందుగది. ఇద్దరు పిల్లలు, రెండు మంచాలు, ఇప్పటికి ఊళ్ళో అందరూ మెచ్చుకునే విషయమే. రేపు సాయం పెరిగి ఇద్దరు ఆరుగురైతే దాన్ని రిజిస్ట్రేషన్ లేని బాలల సంరక్షణ సంస్థ అంటారు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద దానికి ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ ఉంటాయి. కాబట్టి ఇప్పుడే ఆ ఇద్దర్నీ తీసుకుని జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందుకు వెళ్ళండి. పిల్లల్ని లాక్కుంటారన్న భయంతో చాలామంది వెళ్ళరు. మీ దగ్గర ఉండటమే వాళ్ళకు మేలని కమిటీ అనుకుంటే, పద్ధతి ప్రకారం మీకే అప్పగిస్తూ ఉత్తర్వు ఇవ్వగలదు. అలా కమిటీ ముందుకు వెళ్ళిన పిల్లల పేరు, బడి, ఫొటో బయటపెట్టడం నేరం. బడి బోర్డు కింద పిల్లల్ని నిలబెట్టి తీసిన ఫొటో దాతల వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటుంటే మానేయండి.

అమ్మమ్మల, నాయనమ్మల దగ్గరున్న నలుగురికి మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ బాలల పథకం కింద స్పాన్సర్‌షిప్ ఉంది, నెలకు 4,000. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి. సాధారణంగా ఆగిపోయేది తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాల దగ్గరే. నలుగురివీ ఉన్నాయో లేదో ఈ వారంలోనే పంచాయతీ కార్యదర్శిని అడిగి చూసుకోండి.