జర్మనీలో తొలి చలికాలం: గోడ మీద బూజు, ఏడాది చివర బిల్లు

ప్రశ్న: ఈ శరదృతువులో డార్మ్‌స్టాట్‌కు వచ్చి, ఒక పాత భవనంలో 60 చదరపు మీటర్ల ఇల్లు అద్దెకు తీసుకున్నాము. చలి లోపలికి రాకుండా కిటికీలన్నీ మూసే ఉంచుతున్నా పడకగది మూలన నల్లగా బూజు పడుతోంది. అద్దెతో పాటు హీటింగ్‌కు ప్రతి నెలా కొంత కడుతున్నాము. ఆ పైన ఇంకా ఏమైనా కట్టవలసి వస్తుందా?

జవాబు: మీరు అడిగినవి రెండు ప్రశ్నలైనా, రెండూ ఆ ఇంటి బయటి గోడ దగ్గరే కలుస్తాయి.

ముందు బూజు సంగతి. 20 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. సున్నా డిగ్రీల వద్ద 5 గ్రాములకు మించి పట్టుకోలేదు. మన వంటిల్లు ఎలాంటిదో మీకు తెలుసు. ఒక పక్క కుక్కరు కూత పెడుతుంటే, ఇంకో పక్క చారు మరుగుతూ ఉంటుంది, ఆదివారమైతే ఇడ్లీ పాత్ర కూడా పొయ్యి ఎక్కుతుంది. ఉతికిన బట్టలు గదిలోనే ఆరతాయి. ఆ ఆవిరంతా మూసిన కిటికీల మధ్య తిరిగి తిరిగి, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉన్న మూలను చేరుతుంది. గోడ మీద నీళ్ళు కారేదాకా బూజు కాచుకుని కూర్చోదు. గది గాలి 20 డిగ్రీల వేడిమితో, 50 శాతం తేమతో ఉన్నప్పుడు గోడ లోపలి వైపు సుమారు 12.6 డిగ్రీల కన్నా చల్లబడితే చాలు, అది మొలకెత్తడానికి అనువైన చోటు సిద్ధమైనట్టే. పాత ఇళ్ళలో, ముఖ్యంగా రెండు బయటి గోడలు కలిసే మూలల్లో, గోడ అంత చల్లబడడం మామూలే.

అందుచేత చలికాలంలోనే కిటికీలు తెరవాలి. జర్మన్లు స్టోస్‌లూఫ్టెన్ అనే పద్ధతి ఇదే: రోజుకు మూడు నాలుగు సార్లు హీటరు కట్టేసి, ఎదురెదురు కిటికీలను బార్లా తెరిచి, ఐదు నిమిషాల్లో మూసేయాలి. బయటి చల్లని గాలిలో ఆవిరి చాలా తక్కువ కాబట్టి అది లోపలికి వచ్చి వెచ్చబడగానే పొడిగాలి అవుతుంది. ఇంటి వేడి ఎక్కువగా గోడల్లోనూ సామానులోనూ నిలిచి ఉంటుంది గనుక ఆ కాస్త సేపట్లో పోయేది స్వల్పమే. మంచు కురుస్తుంటే కిటికీలు తెరుస్తారా అని మా అమ్మగారు ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ మందలించేవారు. నిజానికి నష్టం చేసేది, కిటికీని పై నుంచి కొద్దిగా వాల్చి రోజంతా అలాగే వదిలేయడం. దానివల్ల గోడ చల్లబడిపోతుంది గాని, గాలి సరిగా మారదు. బీరువాను బయటి గోడకు ఆనించి పెట్టకండి, జానెడు దూరం వదలండి. మొదటి ఏడాది ఆ సంగతి తెలియక నా భార్య పట్టుచీరలు రెండు పాడు చేసుకున్నాము.

ఇక బిల్లు. మీరు ప్రతి నెలా కడుతున్నది అంచనా మొత్తం మాత్రమే. అసలు లెక్క ఏడాది గడిచాక వస్తుంది, అది అంచనాను మించితే తేడా మీరు కట్టాలి. లెక్క కాలం ముగిసిన 12 నెలల లోపు ఇంటి యజమాని దాన్ని మీకు అందజేయాలి, అందిన 12 నెలల లోపు మీరు అభ్యంతరం చెప్పవచ్చు. భవనమంతటికీ ఒకే హీటింగ్ ఉంటే ఖర్చులో 50 నుంచి 70 శాతం మీ వాడకాన్ని బట్టి, మిగతాది సాధారణంగా ఇంటి వైశాల్యాన్ని బట్టి పడుతుంది. రేడియేటర్ మీటలో 3 అంటే దాదాపు 20 డిగ్రీలు. 5 మీద పెడితే గది త్వరగా వెచ్చబడుతుందని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు; అలా కాదు, 28 డిగ్రీలు దాటేదాకా అది ఆగదంతే. ఒక్క డిగ్రీ తగ్గిస్తే దాదాపు 6 శాతం ఖర్చు కలిసివస్తుంది. అలాగని పడకగదిలో పూర్తిగా ఆపేస్తే మళ్ళీ బూజు దగ్గరికే వస్తాము.

అయితే మీ పొదుపుకు ఒక హద్దు ఉంది, ఆ హద్దును గీసేది గోడ. మీరున్న ఊళ్ళోనే, క్రానిష్‌టైన్ పేటలో, వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ అనే భౌతిక శాస్త్రవేత్త 1991లో తొలి పాసివ్‌హౌస్‌ను పూర్తి చేయించి, కుటుంబంతో అందులోనే కాపురం పెట్టారు. మందమైన ఉష్ణరోధక పొర, మూడు అద్దాల కిటికీలు, బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికి వచ్చే గాలికి అందించే ఏర్పాటు ఉండడంతో మనుషుల ఒంటి వేడి, వంట వేడి, కిటికీలోంచి పడే ఎండ అవసరంలో పెద్ద భాగాన్ని తీరుస్తాయి. ఈ పద్ధతిలో కట్టిన ఇంటికి హీటింగ్ అవసరం చదరపు మీటరుకు ఏడాదికి 15 కిలోవాట్ గంటలు మించకూడదు. మీలాంటి పాత ఇంటికి 200 అనుకుందాం. 60 చదరపు మీటర్లకు 12,000 కిలోవాట్ గంటలు. గ్యాసు 12 సెంట్ల లెక్కన 1,440 యూరోలు, గాలిలోకి సుమారు 2.4 టన్నుల కార్బన్ డయాక్సైడ్. భారతదేశంలో ఒక మనిషి సగటు వాటా అన్ని అవసరాలకూ కలిపి ఏడాదికి 2 టన్నుల దగ్గర ఉంది. అదే ఇల్లు ఫైస్ట్ ప్రమాణంలో ఉంటే 900 కిలోవాట్ గంటలు చాలును.

గోడ అద్దెకున్నవారి చేతిలో లేదని చట్టం కూడా కొంతవరకు ఒప్పుకుంది. గ్యాసు మీదా ఆయిలు మీదా పడే కార్బన్ పన్నును 2023 నుంచి యజమాని, అద్దెకున్నవారు పంచుకోవాలి. భవనం ఎంత అధ్వాన్నమైతే యజమాని వాటా అంత పెరిగి, చివరి తరగతిలో 95 శాతానికి చేరుతుంది. గ్యాసు ఒప్పందం మీ పేరునే ఉంటే మాత్రం ఆ వాటాను ఎవరూ తెచ్చి ఇవ్వరు. బిల్లు వచ్చిన 12 నెలల లోపు మీరే రాసి అడగాలి.

తరువాతి ఇల్లు వెతికేటప్పుడు ఆ ఇంటికి ఎంత ఇంధనం అవసరమో చెప్పే ఎనర్గీఆస్‌వైస్ అనే ధ్రువపత్రాన్ని చూపమని అడగండి, ఇల్లు చూపించే రోజునే చూపడం యజమాని బాధ్యత. ఎ ప్లస్ నుంచి హెచ్ వరకు తరగతులుంటాయి. హెచ్ అంటే చదరపు మీటరుకు ఏడాదికి 250 కిలోవాట్ గంటలు దాటినదని అర్థం. వంద యూరోల అద్దె తక్కువని అలాంటి ఇంట్లో చేరితే, ఆ మిగులు చాలావరకు రేడియేటర్‌కే పోతుంది. ఇప్పుడున్న ఇంట్లో బూజును ఫొటోలు తీసి, యజమానికి ఈ వారమే లిఖితపూర్వకంగా తెలియజేయండి; ఒక తేమ మీటరు కొని పడకగదిలో పెట్టి, రోజూ ఉదయం సాయంత్రం అంకెలు రాసి ఉంచండి. మీరు గాలి మార్చలేదని ఆయన అంటే, చూపడానికి ఆ పుస్తకం ఉంటుంది.