గుమ్మం గీశాక కథ రాయి

అమ్మా,

నీ కవరు అందింది. కథ రెండుసార్లు చదివాను, బొమ్మలు మాత్రం నాలుగైదుసార్లు తిరగేశాను. ఏమీ అనుకోకు, కథకంటే నీ బొమ్మలే బాగున్నాయి. అన్నీ కాదు, ఒక్కటి. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

తెలుగులో తప్పులుంటాయని భయపడుతూ రాశావు. చిన్నప్పటి నుంచీ ఒడియా మీడియంలో చదివి, ఇంట్లో మాట్లాడే తెలుగును ఈమధ్యే కాగితం మీద పెడుతున్నదానివి, ణ, న దగ్గర తడబడితే కొంపలేం మునిగిపోవు. అవి నేను దిద్దిపెడతాను. నేను దిద్దలేనిది ఇంకోటి ఉంది. నీ కథలో ఇల్లుంది కానీ అది మీ ఇల్లు కాదు. మండువా, ఉయ్యాలబల్ల, నడిమధ్యన తులసికోట... పర్లాకిమిడిలో మీ వీధి నాకు తెలీదా? రైలుపెట్టెల్లాగా ఒకదాన్నొకటి ఆనుకుని, వీధి గుమ్మం నుంచి పెరటి దాకా గది వెనక గదిగా పోయే ఇళ్ళు. అందులో మండువా ఎక్కడిది?

నవ్వకు, నేనూ ఇదే పని చేశాను. నా మొదటి కథల్లో ఒకదాంట్లో మా పెరటి బావి ఉంది, దాని గిలక తెల్లారుజామున కిర్రుమని మోగేది, ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేదని రాశాను. చదివినవాళ్ళంతా ఆ గిలకనే మెచ్చుకున్నారు. పదిహేనేళ్ళ తర్వాత, ఆ స్థలం అమ్మేస్తారని తెలిసి, ఒక మధ్యాహ్నం పెన్సిల్ పట్టుకుని ఆ బావి ముందు కూర్చున్నాను. గిలక లేదు. తీసేశారేమో అనుకున్నాను, కానీ గిలక వేలాడాలంటే ఓ దూలమో రెండు స్తంభాలో ఉండాలి కదా, వాటి గుర్తు కూడా లేదు. అమ్మను అడిగితే "మనకి గిలకెప్పుడుందిరా" అంది. నేను చదివిన కథల్లోంచి ఎవరి గిలకో తెచ్చి మా బావికి తగిలించుకున్నానన్నమాట.

అంతటితో అయిపోలేదు. బొమ్మ గీస్తున్నాను కదా, గట్టు రాళ్ళ అంచులు ఒక్కొక్కటే చూసి గీయాలి. తాడు ఒరిసి పడిన గాట్లు ఐదున్నాయి, ఐదూ మా వంటింటి వైపే. అవతలివైపు అంచు చాకుతో కోసినట్టు నున్నగా ఉంది, కానీ ఆ పక్క కింద పరిచిన రాతిపలక మధ్యలో ఒక గుంట, కుదురు పెట్టినంత గుండ్రంగా. తోడకపోతే గుంట ఎందుకు పడింది? గీస్తూ గీస్తూ ఉండగా వెలిగింది. అటువైపు దిడ్డి గుమ్మంలోంచి వెనకవీధి ఆడవాళ్ళు వచ్చేవారు. వాళ్ళను చేంతాడు ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. బిందె అక్కడ పెట్టి దూరంగా నిలబడితే మా అమ్మే తోడి పోసేది. ఇది నాకు తెలియని విషయం కాదు, చిన్నప్పుడు రోజూ కళ్ళతో చూసిందే. అయినా కథ రాసేటప్పుడు గుర్తుకు రాలేదు. గిలక గుర్తొచ్చింది!

అందుకే నీకు చెప్పేదల్లా ఒకటే. ఆర్నెల్లు కథ పక్కన పెట్టు. మీ ఇంటిని ఉన్నదున్నట్టు గీయి.

ఉన్నదున్నట్టు గీయడమంటే ఫొటోలాగా గీయడం కాదు. ఫోను ఎత్తి క్లిక్ అనిపిస్తే ఒక్క క్షణంలో ఇల్లంతా వచ్చేస్తుంది, నువ్వు మాత్రం ఏమీ చూసి ఉండవు. పైగా ఇరుకు గదిలో ఫోను లెన్స్ అంచుల దగ్గర తలుపుల్ని సాగదీసి చూపిస్తుంది. పెన్సిల్‌తో అయితే ఒక గుమ్మానికి రెండు గంటలు. చెయ్యి మోచేతి దగ్గర వంచకుండా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్ కొన నుంచి నీ బొటనవేలి దాకా గుమ్మం వెడల్పు కొలువు. ఆ కొలత ఎత్తులో ఎన్నిసార్లు పడుతుందో చూడు. రెండున్నర సార్లు పడుతుందని నీ మనసు చెబుతుంది, కొలిస్తే రెండుకి కాస్త తక్కువే రావచ్చు, ఎందుకంటే పాత గుమ్మాలు మనం అనుకున్నదానికంటే పొట్టి. ఒక దారానికి తాళంచెవి కట్టి వేలాడదీస్తే గోడ ఎటు ఒరిగిందో తెలిసిపోతుంది. రెండు స్తంభాలు కుదరకపోతే స్తంభాల్ని వదిలేసి వాటి మధ్యనున్న ఖాళీ ఆకారాన్ని గీయి, స్తంభాలు వాటంతట అవే నిలబడతాయి. నీడలు అర్థం కాకపోతే కళ్ళు సగం మూసి చూడు, చిన్నచిన్న వివరాలు పోయి నలుపూ తెలుపూ మిగులుతాయి. 2బి, 4బి రెండు పెన్సిళ్ళు చాలు, డబ్బాలకు డబ్బాలు కొనకు.

ఇంకో సంగతి, ఇది కథకు కూడా పనికొస్తుంది. నువ్వు ఎక్కడ కూర్చున్నావో దాన్నిబట్టి నీ కంటి ఎత్తు మారుతుంది. నేల మీద కూర్చుంటే అరుగు పైభాగం కనబడదు, దాని ముందు పక్క మాత్రమే కనిపిస్తుంది. నిలబడితే అరుగు మీద ఆరబెట్టిన వడియాలన్నీ కనిపిస్తాయి. నీ కథలో చిన్నపిల్ల చూస్తున్నట్టు మొదలుపెట్టి, రెండో పేజీలో అటక మీద సామాను లెక్కపెట్టించావు. ఆ పిల్లకు అటక మీద ఏముందో ఎలా కనబడిందమ్మా?

రాజావారి కోట గీశావు, సరే, పర్లాలో పెన్సిల్ పట్టినవాళ్ళంతా గీస్తారు. చిన్నరైలు మాత్రం వద్దు. నౌపడ నుంచి గుణుపురం పోయే ఆ నారోగేజి బండి 2004లో ఆగిపోయింది, అప్పటికి నీకు నడక వచ్చిందో లేదో. ఎవరో తీసిన ఫొటో చూసి పొగ గీసి ఇది నా జ్ఞాపకం అంటే నా గిలకలాంటిదే అవుతుంది. సవర గిరిజనుల గోడబొమ్మలు నోట్‌బుక్ అంచుల్లో డిజైన్‌లాగా వేసుకున్నావు, అవీ తీసెయ్. అవి వాళ్ళు దేవతలకూ చనిపోయిన పెద్దలకూ పెట్టుకునే బొమ్మలు, మనకు బోర్డర్లు కావు. వాళ్ళ గురించి తెలుసుకోవాలంటే మన ఊళ్ళోనే దారి చూపించినవాడున్నాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ ఏళ్ళ తరబడి సవర మాట విని నేర్చుకున్నారు. ఆ భాష మీద ఆయన పుస్తకం 1931లో వచ్చింది, నిఘంటువు 1938లో. ఈ రెంటి నడుమ, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిస్తే, డెబ్బై దాటిన మనిషి ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మనం ఉండిపోయిన వాళ్ళ పిల్లలం. మన ఇళ్ళు ఎలా ఉంటాయో మనమే గీసుకోవాలి.

మీ గడపే చూడు. మార్గశిరం లక్ష్మివారాల్లో పక్కింటి ఒడియా వాళ్ళు ఝొటి, అంటే తడి బియ్యప్పిండి ముగ్గు, వేస్తారు, మీ మామ్మ కూడా వాళ్ళను చూసి లక్ష్మీపాదాలు వేస్తుందని నువ్వే రాశావు. తర్వాత నెలగంట పెట్టగానే అదే వాకిట్లో మన ముగ్గు. రెండూ తెల్లగీతలే కదా అని ఒకేలా గీశావు. దగ్గర కూర్చుని చూడు. బియ్యప్పిండి తడిపి వేలితో గీస్తే గీత మొదట్లో లావుగా ఉండి, పోనుపోను సన్నబడి, చివర బొట్టు కట్టి ఎండుతుంది. పొడిపిండి ముగ్గుకు అంచులు పలచగా ఉంటాయి, మధ్యాహ్నానికి గాలి ఎటు వీస్తే అటు చెరిగిపోతుంది. ఈ తేడా పెన్సిల్‌లో పట్టుకోగలిగితే, మీ మామ్మ రెండు భాషల కాపురం గురించి నువ్వు పేజీన్నర ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

బొమ్మ గీస్తూ కూర్చుంటే మనుషులు వచ్చి పక్కన చేరతారు, ఇదొక లాభం. రికార్డర్ పెట్టి "మామ్మా, పాత సంగతులు చెప్పు" అంటే ఆవిడ బిగుసుకుపోతుంది. నువ్వు తలుపు గీస్తుంటే మాత్రం, అది అలా కాదే, అక్కడ ఓ మేకు ఉంటుంది చూడు, దానికి మీ తాత సంచీ తగిలించేవాడు అంటుంది.

ఇక నాకు నచ్చిన ఆ ఒక్క బొమ్మ. వెనకగది తలుపు, బిల్లు కాగితం వెనక హడావుడిగా గీసింది, నువ్వు పంపాలనుకుని పంపావో, పొరపాటున కలిసిపోయిందో తెలీదు. తలుపు బయటివైపు రెండు గొళ్ళేలు గీశావు. ఒకటి మామూలుగా ఛాతీ ఎత్తున ఉంది. రెండోది కింద, మోకాలి ఎత్తున, దాని చుట్టూ చెక్క అరిగిపోయి నల్లబడినట్టు రుద్దావు కూడా. చూడకుండా అలా గీయలేవు. కథలో అదే తలుపు మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ ఒక్క గొళ్ళెమే ఉంది. కింది గొళ్ళెం బయటి నుంచి ఎవరు పెట్టేవారు, లోపల ఎవరుండగా పెట్టేవారు? పండక్కి ఎలాగూ ఇంట్లోనే ఉంటావు కదా, ఆ తలుపు ముందు పీట వేసుకుని మళ్ళీ గీయి, మామ్మ అటు వచ్చినప్పుడు అడుగు. ఆవిడ ఏం చెప్పిందో, చెప్పకుండా లేచి వెళ్ళిపోతే అదే, నాకు రాయి.

బరంపురం నుంచి,
మీ మాస్టారు