వెండి రూపాయలు అమ్మే ముందు

చి.ల.సౌ. సౌమ్యకు, పెద్దనాన్న ఆశీస్సులు.

మీ అత్తగారు నీ చేతిలో పెట్టిన వెండి రూపాయల ఫొటోలు చూశాను. షాపువాడు అన్నీ కలిపి తూకానికి తీసుకుంటానన్నాడని రాశావు. తొందరపడకు. వాటిని చింతపండు పెట్టి తోమే ఆలోచన ఉంటే ముందు అది మానుకో. ఆ నలుపు పోయి తళతళలాడే నాణేన్ని సేకరించేవాళ్లు పక్కన పెట్టేస్తారు.

భూతద్దం పట్టుకుని సంవత్సరాల ప్రకారం వేరు చెయ్యి. 1835లో ఈస్టిండియా కంపెనీవాళ్లు తమ రాజ్యమంతటికీ ఒకే రూపాయి పెట్టారు. తులం బరువు, అంటే 11.66 గ్రాములు; అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. విక్టోరియా, ఎడ్వర్డు, అయిదో జార్జి బొమ్మలు మారాయి కానీ ఈ లెక్క మారలేదు. 1862 అని ఉన్నవన్నీ ఆ ఏడు కొట్టినవే అనుకోకు, ఆ తరవాత పుష్కరం దాకా అదే అంకె వేశారు.

1893 దాకా ఎవరైనా వెండి తీసుకెళ్లి టంకశాలలో ఇస్తే, ఖర్చు మినహాయించుకుని రూపాయలు కొట్టి ఇచ్చేవాళ్లు. జర్మనీ లాంటి దేశాలు బంగారానికి మళ్లాక వెండి ధర పడిపోయింది, దానితో పాటే రూపాయీ. లండన్‌కు ఏటా పౌండ్లలో కట్టాల్సిన సర్కారుకు అదొక టెన్షన్. చివరికి జనానికి ఆ వీలు తీసేశారు. అప్పటినుంచి రూపాయి మారకం విలువ వేరు, అందులోని వెండి ఖరీదు వేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో కథ అడ్డం తిరిగింది. వెండి ధర ఎగబాకి, రూపాయిని కరిగిస్తేనే లాభం అనే దాకా వచ్చింది. 1917లో కాగితం రూపాయి పుట్టింది అందుకే.

నీకు అసలు పని పడేది 1940 దగ్గర. రెండో యుద్ధంలో జనం వెండి రూపాయలు దాచేస్తుంటే, సర్కారు అందులో వెండిని సగానికి దించింది. బరువు అంతే, బొమ్మ ఆరో జార్జిదే, అందుకే కలిసిపోతాయి. పాతదాంట్లో 10.7 గ్రాముల వెండి ఉంటే ఇందులో 5.8 మాత్రమే. సగం వెండిదాని అంచు చూడు, నిలువు గీతల మధ్య సన్నటి గాడి కనిపిస్తుంది. రెండూ కలిపి తూస్తే షాపువాడు ఏ రేటు కడతాడో నేను చెప్పక్కర్లేదు! పులి బొమ్మ ఉన్న 1947 రూపాయిలో వెండే లేదు, అది నికెల్. అయస్కాంతానికి అంటుకుంటుంది.

మీ అత్తగారిది హనుమకొండ కాబట్టి చార్మినార్ బొమ్మవి కూడా ఉన్నాయి. అవి నిజాం హాలీ సిక్కాలు. ఆరు కల్దార్లకు, అంటే బ్రిటిష్ రూపాయలకు, ఏడు హాలీలు ఇచ్చేవాళ్లు. వాటిమీద ఉర్దూ అంకెల్లో 1337 అని చదివి ఏడు వందల ఏళ్ల నాటిదని మురిసిపోకు. అది హిజ్రీ సంవత్సరం, మన లెక్కలో 1918-19. వీటిని విడిగా ఉంచు, వెండి శాతం వేరు. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించినవి ఉంటే అవి మాత్రం నిశ్చింతగా తూకానికి ఇచ్చెయ్యొచ్చు.

ఆన్‌లైన్‌లో లక్షలిస్తామని, ముందు కమీషన్ కట్టమని అడిగేవాళ్ల జోలికి పోకు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి కూడా మోసం చేస్తున్నారు, ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది. ఇంకోటి, డల్లాస్ తిరిగి వెళ్లేటప్పుడు నూరేళ్లు దాటినవి సూట్‌కేసులో పెట్టుకోకు. 1972 చట్టం ప్రకారం అవి పురావస్తువులు, దేశం దాటించకూడదు.

1939 రూపాయి దొరికితే మాత్రం ఎవరికీ ఇవ్వకుండా ముందు నాకు ఫోన్ చెయ్యి. అది అరుదు, అందుకే దొంగవీ ఎక్కువ. చివరి అంకె దిద్దారేమో నేను చూసి చెబుతాను.

పెద్దనాన్న