దుర్యోధనుడు కప్పులు తెచ్చాడు సరే, ఆడిషన్‌కు వద్దు

ప్రశ్న: మాది చీపురుపల్లి. డిగ్రీ ఫైనలియర్. మయసభ దుర్యోధనుడి ఏకపాత్రకు కాలేజీ పోటీల్లో మూడుసార్లు ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ థియేటర్ కోర్సులకు ప్రయత్నించాలనుంది. ఆడిషన్‌లో అదే చెయ్యనా సార్? నా యాస అడ్డమవుతుందేమోనని టెన్షన్.

జవాబు: బాబూ, ఆ దుర్యోధనుణ్ని ఇంట్లోనే వదిలి వెళ్లు. పాత్ర చెడ్డదని కాదు. పోటీలో చివరి వరసకు వినపడాలి కాబట్టి గొంతు పెంచడం, మీసం మెలెయ్యడం, చప్పట్ల కోసం ఆగడం అలవాటైపోయి ఉంటాయి. ఆడిషన్ గదిలో నాలుగడుగుల దూరంలో ముగ్గురో నలుగురో కూర్చుని ఉంటారు. చాలాసార్లు మధ్యలో ఆపి, ఇదే మాట రహస్యంగా చెప్పమంటారు. మూడేళ్లుగా ఒకే తీరులో నోటికి పట్టిన డైలాగు అప్పుడు వంగదు.

నీ వయసుకు దగ్గరైన పాత్ర, ఏదో ఒకటి కావాలని కొట్టుకుంటున్న పాత్ర చూసుకో. కన్యాశుల్కం మొదట్లో బొంకులదిబ్బ మీద గిరీశం ఒక్కడే మాట్లాడుకునే ఘట్టం ఉంది కదా, నాకైతే అదే తోస్తుంది. పూటకూళ్లమ్మ డబ్బు వేశ్యకు పోశాడు, ఊళ్లో మొహం చెల్లదు, ఎలా జారుకోవాలా అని చూస్తున్నాడు. అందరూ అక్కడ చుట్ట, ఇంగ్లీషు, నవ్వులు చేస్తారు. నువ్వు భయం చెయ్యి. నవ్వు దానంతటదే వస్తుంది.

యాసకు బెంగ దేనికి? 1892లో విజయనగరంలోనే తొలిసారి ఆడిన నాటకం అది, మనవాళ్లు మాట్లాడుకునే తెలుగులోనే రాశారు. అయితే ఢిల్లీకి వెళ్తే హిందీ కూడా కావాలి. కొన్ని స్కూళ్లు సంభాషణల జాబితా తామే ఇస్తాయి, నోటిఫికేషన్ చూశాకే ఖాయం చేసుకో. ఢిల్లీవాళ్లు డిగ్రీతోపాటు నాటకాల్లో అనుభవం కూడా అడుగుతారు, అందుకని ఈ ఏడాది ఏకపాత్రలు తగ్గించి నలుగురితో కలిసి పూర్తి నాటకాలు వెయ్యి. ఆ కరపత్రాలు, ఫొటోలు పారెయ్యకు.

రెండు నిమిషాలకు కుదించుకున్నాక, ఆ నాటకం చూడని మీ మేనత్తకో పక్కింటివాళ్లకో చేసి చూపించి, "వీడికేం కష్టం వచ్చింది?" అని అడుగు. "ఎవరికో బాకీ పడ్డట్టున్నాడు" అంటే సరే. "చుట్ట భలే కాల్చావురా" అంటే మళ్లీ మొదలెట్టు.