జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకండి

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా. కూలి పనుల కోసం వచ్చి హైదరాబాద్‌లోని ఉప్పల్‌లో ఉంటున్నాం. రెండేళ్ల మా పాపకు అరచేతులు, పాదాలు వాచిపోతే ప్రభుత్వాసుపత్రిలో పరీక్షలు చేసి సికిల్ సెల్ వ్యాధి అన్నారు. రెండు నెలల పాటు ఊరెళ్లాలి. అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం తప్ప మరేమీ లేదు. పాపను ఎలా కాపాడుకోవాలి?
– ఒక తల్లి, ఉప్పల్

జవాబు: అమ్మా, నొప్పి కంటే జ్వరానికే మీరు ఎక్కువ భయపడాలి. కొడవలిలా వంగిన ఎర్ర రక్తకణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కోవడం వల్లే పాప చేతులు, పాదాలు వాచాయి. ప్లీహంలోనూ అదే జరిగి, రక్తంలోని క్రిములను వడకట్టే ఆ అవయవం చిన్న వయసులోనే దెబ్బతింటుంది కాబట్టి, ఈ పిల్లలకు జ్వరం గంటల్లోనే ప్రాణం మీదికి తేవచ్చు. ఇంట్లో థర్మామీటరు ఉంచుకోండి. 101 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూడకుండా, ఆ రాత్రే ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, సికిల్ సెల్ అని ముందే చెప్పి, పెద్దాసుపత్రికి పంపేలోపే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేయమని అడగండి.

ప్లీహాన్ని చూడటానికి యంత్రం అక్కర్లేదు, మీ చెయ్యి చాలు. పాపను వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమ పక్కటెముకల కింద వేళ్లతో మెత్తగా తడిమి చూడండి. గట్టిగా ఏదైనా తగిలితే, పక్కటెముక అంచు నుంచి అది ఎంత కిందికి దిగిందో చీపురుపుల్లతో కొలిచి, పుల్ల మీద గీత పెట్టండి. ఆ కొలత ఉన్నట్టుండి పెరిగి, పాప పాలిపోయి, నీరసంగా పడుకుంటే వెంటనే రక్తం ఎక్కించాల్సి రావచ్చు. బయలుదేరే ముందే ఇది నర్సమ్మ దగ్గర నేర్చుకోండి.

అయిదేళ్లు నిండేదాకా పూటపూటా పెన్సిలిన్ మానకూడదు. న్యుమోనియా లాంటి జబ్బులు రాకుండా వేసే నూమోకోకల్ టీకాలు పడ్డాయో లేదో కార్డులో చూపించుకోండి. నొప్పులను, రక్తం ఎక్కించే అవసరాన్ని తగ్గించే హైడ్రాక్సీయూరియా గురించి డాక్టరుగారిని తప్పక అడగండి. ఖరీదైనది కాదు గానీ, మధ్యమధ్య రక్తకణాల సంఖ్య చూసే సీబీపీ పరీక్ష చేయిస్తూ వాడాలి.

ఈ జబ్బుకు తల్లినే నిందించే ఇళ్లను చూసి బాధపడుతుంటాను. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ జన్యువు అందితేనే ఇది వస్తుంది. మీరిద్దరూ వాహకులైతే, అంటే జబ్బు లేకుండానే ఒక్కో జన్యువును మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం ఉంటుంది కనుక, మళ్లీ గర్భం దాల్చే ముందే మీ వారితో కలిసి రక్తపరీక్ష చేయించుకోండి. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో ఈ పరీక్షలు చేస్తున్నారు. ఆశా కార్యకర్తను అడగండి. ఊరికి రెండు నెలలకు సరిపడా మందులు, పాప రిపోర్టులు మాత్రం మరవకండి.